పద్దెనిమిదికి హోమ్ ఖాళీ చేయాలి, మరి డిగ్రీ?

ఇంటర్ అయ్యేసరికి పిల్లలకు అటూ ఇటుగా పద్దెనిమిదేళ్లు వస్తాయి. అమ్మానాన్నల దగ్గర ఉన్నవాళ్లకు అది ఎంసెట్ టెన్షన్ (పేరు మార్చినా జనం నోట ఇంకా ఎంసెటే). చిల్డ్రన్స్ హోమ్‌లో పెరిగినవాళ్లకు మాత్రం పెట్టె సర్దుకునే వయసు.

ఈ పద్దెనిమిది చదువుల లెక్క చూసి పెట్టింది కాదు. 1986 నాటి జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం అబ్బాయిలకు 16, అమ్మాయిలకు 18 ఏళ్లు నిండేదాకానే బాలలంది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లో చేరింది. ఆ తర్వాత వచ్చిన 2000 చట్టం ఇద్దరికీ 18 చేసింది. ఎవరు బాలలో, ఎవరు కారో తేల్చడానికి గీసిన గీత అది. సెమిస్టర్ ఎప్పుడు ముగుస్తుందో దానికి పట్టదు.

రోడ్డు మీద దొరికి, పుట్టిన తేదీ తెలియని పిల్లల సంగతి మరీ విచిత్రం. ముందు స్కూలు సర్టిఫికెట్ చూస్తారు, అది లేకపోతే మున్సిపాలిటీదో పంచాయతీదో జనన ధ్రువపత్రం. ఏదీ లేకపోతే ఎముకల ఎక్స్‌రే లాంటి వైద్య పరీక్షలే దిక్కు. అంటే, ఎప్పుడో చిన్నప్పుడు డాక్టర్ వేసిన అంచనాను బట్టి ఆ పిల్ల హోమ్ వదలాల్సిన రోజు ఖాయమవుతుంది.

బయటికొచ్చాక ఇచ్చే ఆసరాను ఆఫ్టర్ కేర్ అంటారు. 2000 చట్టం దాన్ని 20 ఏళ్ల దాకా సాగనిచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2015 చట్టం 21కి జరిపింది. 2016 నిబంధనలు, ప్రత్యేక పరిస్థితి ఉంటే ఇంకో రెండేళ్లు ఇవ్వొచ్చన్నాయి. పద్దెనిమిదికి బీటెక్‌లో చేరితే పూర్తయ్యేది ఇరవై రెండుకి. మామూలు గడువు నాలుగో ఏడాది రాకముందే అయిపోతుంది. పైగా 2015 చట్టం 46వ సెక్షన్ చెప్పింది డబ్బు సాయం ‘ఇవ్వవచ్చు’ అని, ‘ఇవ్వాలి’ అని కాదు. నా దృష్టిలో అసలు చిక్కంతా ఆ క్రియాపదంలోనే ఉంది.

ఇక కాలేజీ అప్లికేషన్. ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే కులం, ఆదాయం సర్టిఫికెట్లు పెట్టాలి. తల్లిదండ్రులెవరో తెలియని పిల్లకు ఏ కులమని రాస్తారు? తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఒక దారి ఉంది: బీసీ-ఏ జాబితాలో అనాథ పిల్లలను కూడా చేర్చారు. అయితే పదేళ్ల లోపే తల్లిదండ్రులను పోగొట్టుకుని ఉండాలి, వేరే దిక్కు ఉండకూడదు, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన బడిలోనో ఆశ్రమంలోనో చేరి ఉండాలి. పదకొండో ఏట పోగొట్టుకున్నవాళ్లకు ఆ వరస వర్తించదు. మహారాష్ట్ర 2018లో అనాథలకు విడిగా ఒక శాతం రిజర్వేషన్ పెట్టింది.

కోవిడ్ వచ్చాక ఇంకో కొలత పుట్టింది. ఆ జబ్బుతో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లలకు 2021లో పీఎం కేర్స్ (ప్రధాని పేరిట పెట్టిన సహాయ నిధి) కింద 10 లక్షల నిధి, 18 నుంచి 23 దాకా నెలనెలా స్టైపెండ్ ప్రకటించారు. కాలేజీ వయసును సరిగ్గా లెక్కగట్టిన పథకం ఇదే అనిపిస్తుంది. లారీ ప్రమాదంలో ఇద్దరినీ పోగొట్టుకున్న పిల్లాడికి మాత్రం పాత గడువే.

2022లో మిషన్ వాత్సల్య (కేంద్రం నడిపే బాలల సంరక్షణ పథకం) మార్గదర్శకాలు ఆఫ్టర్ కేర్ సాయాన్ని నెలకు 2,000 నుంచి 4,000 చేశాయి. హైదరాబాద్‌లో హాస్టల్ గది, మెస్ బిల్లు, బస్ పాస్ అన్నీ అందులోంచే. సంక్రాంతికి మెస్ మూసి అందరూ ఊళ్లకు బయల్దేరాక, ఆ వారం రోజులు ఎక్కడ తినాలో కూడా అందులోంచే చూసుకోవాలి.