పాశర్లపూడి మంట ఆర్పినవాళ్లకు ఇప్పుడెలా ఉంది?

1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయింది, అంటే గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మి మండింది. మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. మరుసటి ఏడాది నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ముంచేసింది. 2014 జూన్ 27న అదే మామిడికుదురు మండలంలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలింది. ప్రతిసారీ మంటకో నీటికో ఎదురెళ్లినవాళ్లున్నారు, తర్వాతి రెండుసార్లూ శవాలు మోసినవాళ్లున్నారు. 1995లో ముప్పై ఏళ్లున్న మనిషికి ఇప్పుడు అరవై దాటాయి. ఆయన మాట మధ్యలో ఆగిపోతే "వయసు కదా" అని సరిపెట్టుకుంటాం. నాకైతే అలా సరిపెట్టుకోబుద్ధి కావడం లేదు. కారణం న్యూయార్క్.

2001 సెప్టెంబరు 11న అక్కడ జంట టవర్లు కూలాక సిమెంటు, గాజుపీచు, ఆస్‌బెస్టాస్ కలిసిన దుమ్ములో సహాయక సిబ్బంది నెలల తరబడి పనిచేశారు. ముందు దగ్గు, ఆయాసం వచ్చాయి. తర్వాత పీడకలలు, తగ్గని టెన్షన్. వాళ్ల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు కాబట్టే మతిమరుపు కూడా బయటపడింది. స్టోనీబ్రూక్ యూనివర్సిటీ పరిశోధకులు అరవై, అంతకు తక్కువ వయసున్న 5,010 మందిని సుమారు ఐదేళ్లు గమనించి 2024లో లెక్క చెప్పారు: 228 మందికి 65 నిండకుండానే డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనా క్షీణించే జబ్బు వచ్చింది. దుమ్ము ఎక్కువ తగిలినవాళ్లకు ముప్పు ఎక్కువ. మాస్కు, రక్షణ దుస్తులు వేసుకున్నవాళ్లకు బాగా తక్కువ.

డిమెన్షియాల్లో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్‌లో మెదడులో అమిలాయిడ్, టావ్ అనే ప్రొటీన్లు పేరుకుంటాయి. 1906లో డాక్టర్ అల్జీమర్ వాటి ఆనవాళ్లను చనిపోయిన ఒక రోగి మెదడులో సూక్ష్మదర్శినితో చూశారు. తర్వాత దాదాపు వందేళ్లపాటు, బతికున్న మనిషిలో వాటిని చూసే దారి లేదు. అమిలాయిడ్‌కు అంటుకునే రేడియోధార్మిక మందును రక్తంలోకి ఎక్కించి పెట్ స్కాన్ తీసే పద్ధతి 2004లో వెలువడింది. టావ్‌కు ఇంకా ఆలస్యమైంది. టవర్ల దగ్గర పనిచేసి జ్ఞాపకశక్తి తగ్గిన సహాయక సిబ్బందిలో మెదడు పైపొర పలచబడిందని 2020లో ఎంఆర్ఐ చూపించింది. ఇది మామూలు అల్జీమర్సా, మరొకటా అన్నది ఇంకా తేలాల్సిన విషయమే. స్కాన్లు చేస్తున్నది అందుకే.

గ్యాస్ మంట పొగ, టవర్ల దుమ్ము ఒకటి కావు. అక్కడి లెక్క ఇక్కడ అతికించకూడదు. కానీ న్యూయార్క్‌లోనూ పని మొదలైంది స్కానర్లతో కాదు, పది నిమిషాల్లో అయిపోయే జ్ఞాపకశక్తి ప్రశ్నలతో. పాశర్లపూడి నాటి డ్యూటీ రిజిస్టర్లు ఫైర్ స్టేషన్లలో ఉంటే ముందు వాటిని వెతికి తీయాలి. అందులో పేరున్న ప్రతి మనిషినీ అమలాపురం ఏరియా ఆసుపత్రిలో కూర్చోబెట్టి ఆ ప్రశ్నలు అడగొచ్చు. ఈ ఏడాదే.