లవ్ సీన్ చేయాలంటే ప్రేమలో ఉండాలా? అపోహలు – వాస్తవాలు

నా నటన క్లాసుకి కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, నేనెవర్నీ ప్రేమించలేదు, లవ్ సీన్ చేయగలనా?" పోయిన నెల ఒకమ్మాయి ఏడుస్తూ వచ్చింది. షార్ట్ ఫిల్మ్ తీసే ఒకతను, కెమిస్ట్రీ కోసం హీరోతో నెల రోజులు కలిసి తిరగమన్నాడట. "తిరక్కపోతే సీను చెడిపోతుందా సార్?"

చెడిపోదమ్మా. అలా అడిగేవాళ్ల దగ్గర పని చేయకపోయినా నీకొచ్చే నష్టం లేదు.

అపోహ: బయట ప్రేమ ఉంటేనే తెర మీద పండుతుంది.

దీనికి అందరూ చెప్పే జంట హాలీవుడ్ నటులు పాల్ న్యూమన్, జోన్ వుడ్‌వర్డ్. 1958లో వచ్చిన 'ద లాంగ్, హాట్ సమ్మర్'లో కలిసి చేశారు, ఆ ఏడాది జనవరిలోనే పెళ్లి చేసుకున్నారు. నిజమే. కానీ అదే ఏడాది వచ్చిన 'క్యాట్ ఆన్ ఎ హాట్ టిన్ రూఫ్' సంగతేంటి? మిసిసిపీలో ఆస్తిపరుల కుటుంబం, చావుకి దగ్గరైన తండ్రి, ఒకే గదిలో ఉంటూ దూరమైన మొగుడూ పెళ్లాలు. భర్త బ్రిక్ న్యూమన్, భార్య మాగీ ఎలిజబెత్ టేలర్. షూటింగ్ మొదలైన కొద్ది రోజులకే, మార్చి 22న, టేలర్ భర్త మైక్ టాడ్ విమానం కూలి చనిపోయాడు. ఒంట్లో బాగోక ఆమె ఆ విమానం ఎక్కలేదు. కొన్ని వారాలకి సెట్‌కి తిరిగొచ్చి, మొగుడి ప్రేమ కోసం కొట్లాడే మాగీని పూర్తి చేసింది. టేలర్‌కీ న్యూమన్‌కీ ఇద్దరికీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి.

అందులో ఒక సీను క్లాసులో వేసి చూపిస్తాను. బ్రిక్ మాగీని కసురుకుని బాత్‌రూమ్ తలుపేసుకుంటాడు. తలుపు వెనక ఆమె నైట్‌గౌన్ వేలాడుతుంటుంది. దాన్ని దగ్గరికి తీసుకుని మొహం దాచుకుంటాడు. హీరోయిన్ తలుపు అవతలే ఉంది. అయినా అతను ఆమెని ఎంత కోరుకుంటున్నాడో మనకి తెలిసిపోతుంది.

ఈ సినిమాకి మూలం టెనెసీ విలియమ్స్ నాటకం. దాన్ని ఉన్నదున్నట్టు తీశారన్నదీ తప్పే. ఆయన రాసినదాంట్లో బ్రిక్‌కీ స్నేహితుడికీ మధ్య ఉన్న స్వలింగ ప్రేమ ఛాయల్ని అప్పటి హాలీవుడ్ నిబంధనల వల్ల బాగా పలచన చేశారు.

ఏడుస్తూ వచ్చిన ఆ అమ్మాయికీ, ఆ రోజే చేరిన ఒక కుర్రాడికీ చీర ఇచ్చి మడత పెట్టమన్నాను. చెరో కొసా పట్టుకుని, డైలాగులు చెప్పుకుంటూ, మడత మడతకీ దగ్గరికి రావాలి. మూడోసారి ఆమె చేతిలోంచి అంచు అందుకోబోయి అతను మాట మర్చిపోయాడు. ఆమె అంచు వదల్లేదు. హాల్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

క్లాసయ్యాక ఆమె మియాపూర్ బస్సెక్కింది, అతను దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లిపోయాడు. ఒకరి ఫోన్ నంబరు ఒకరి దగ్గర లేదు.