డిటెక్టర్ శాతం చూసి సున్నా వేయకండి: ఆన్‌లైన్ అసైన్‌మెంట్లు, కాపీ – అపోహలు, వాస్తవాలు

అసైన్‌మెంట్లు అప్‌లోడ్ చేసే వారం వచ్చిందంటే స్టాఫ్ రూములో ఒకటే గోల. "మీ పిల్లలది ఎంత శాతం వచ్చింది సార్?" అని ఒకరు, "నా సెక్షన్లో సగం మంది దొరికిపోయినారు" అని ఇంకొకరు. నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. కరోనా నాటి నుంచి గూగుల్ క్లాస్‌రూమ్, ఫారమ్స్, మూడుల్ లాంటి ఆన్‌లైన్ క్లాసు సాఫ్ట్‌వేర్లు వాడని వారం లేదు. రాసింది ఏఐయేనా అని చూసే డిటెక్టర్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఈ శాతాల వల్ల నష్టపోయిన పిల్లల్ని చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను. మిగతా అపోహలు చివర్లో గబగబా చెప్పేస్తా.

అపోహ: డిటెక్టర్‌లో వేస్తే ఏఐ రాసిందా, పిల్లలే రాశారా అన్నది తేలిపోతుంది.

తేలదు. డిటెక్టర్ చెప్పేది అంచనా, సాక్ష్యం కాదు. తర్వాత ఏ మాట వస్తుందో తేలిగ్గా ఊహించేలా ఉన్నా, వాక్యాలన్నీ ఒకే పొడవున సాగినా అది అనుమానపడుతుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, గైడు చూసి ఇంగ్లిష్ నేర్చుకున్న పిల్లల రాత సరిగ్గా అలాగే ఉంటుంది. పొట్టి వాక్యాలు, బట్టీ పట్టిన మాటలు, ప్రతి పేరాకూ అదే మొదలు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు రాసిన 91 టోఫెల్ (విదేశీ చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్ష) వ్యాసాలను ఏడు డిటెక్టర్లలో వేసి చూశారు. సగటున 61 శాతం ఏఐ రాసినవే అని వచ్చింది. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలను మాత్రం దాదాపు అన్నిటినీ మనుషులవేనని సరిగ్గా చెప్పాయి. అంటే దెబ్బ తగిలేది మన కళ్యాణదుర్గం, రాయదుర్గం పిల్లలకే.

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా 2023 జనవరిలో ఒక డిటెక్టర్ పెట్టింది. ఏఐ రాసినవాటిలో 26 శాతాన్నే పట్టుకోగలదని, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని పొరపాటున ఏఐ అంటుందని వాళ్ళే చెప్పారు. అదే ఏడాది జులైలో, కచ్చితత్వం లేదని తీసేశారు.

"తొమ్మిది శాతమే కదా సార్" అంటారు మా వాళ్ళు. లెక్క వేద్దాం రండి. 200 మంది పిల్లలు. అందులో 50 మంది ఏఐతో రాయించారు, 150 మంది సొంతంగా రాశారు అనుకుందాం. యాభైలో 26 శాతం అంటే 13 మంది దొరికారు. నూటయాభైలో 9 శాతం అంటే 13 లేదా 14 మంది అన్యాయంగా ఇరుక్కున్నారు. డిటెక్టర్ వేలెత్తి చూపిన వాళ్ళలో సగం మంది ఏ తప్పూ చేయనివాళ్ళు! పైగా నిజంగా రాయించుకున్న 37 మంది హాయిగా తప్పించుకున్నారు. ఇప్పటి డిటెక్టర్లు దీనికన్నా మెరుగు కావచ్చు. అయినా సొంతంగా రాసేవాళ్ళు ఎక్కువగా ఉన్న క్లాసులో, చిన్న తప్పు శాతం కూడా చాలామంది మెడకు చుట్టుకుంటుంది. కాపీని, ఏఐ రాతను పట్టే సాఫ్ట్‌వేర్ అమ్మే టర్నిటిన్ వాళ్ళయితే ఏఐ శాతం 20 లోపు ఉంటే అంకె చూపించకుండా నక్షత్రం గుర్తు (*) పెడుతున్నారు, ఆ మేరకు పొరపాట్లు ఎక్కువని. అమ్మేవాళ్ళకే లేని నమ్మకం మనకెందుకు?

వేరే కాలేజీలో చదివే ఒకమ్మాయి, మా పాత స్టూడెంట్‌కు చెల్లెలు, ఒక సాయంత్రం అన్నతో కలిసి మా ఇంటికొచ్చింది. "నాది 82 శాతం వచ్చిందంట సార్, సున్నా వేస్తామన్నారు. నేనే రాసినా సార్, మా అమ్మ మీద ఒట్టు" అని ఒకటే ఏడుపు. ఒట్లెందుకమ్మా, దేంట్లో టైప్ చేశావు అని అడిగితే ఫోనులో గూగుల్ డాక్స్ అంది. కంప్యూటర్‌లో ఆ ఫైల్ తెరిచి వెర్షన్ హిస్టరీ, అంటే ఎప్పుడేం రాసి ఏం దిద్దారో చూపే జాబితా, చూశాం. రాత్రి పదకొండు దాటాక మొదలుపెట్టింది. వేరియన్స్ స్పెల్లింగ్ మూడు రకాలుగా రాసి దిద్దుకుంది. మీడియన్ అనాల్సిన చోట మీన్ అని రాసి, మర్నాడు పొద్దున కొట్టేసింది. ఒక పేరా మొత్తం తీసేసి మళ్ళీ రాసింది. ఏఐతో రాయించుకునేవాళ్ళకు ఇంత పాటు ఎందుకు? ఆ పేజీలన్నీ స్క్రీన్‌షాట్లు తీయించి, "ఇవి పట్టుకొనిపో, ఇందులోంచి ఏదైనా అడగండి మేడం, జవాబు చెప్తానను" అని పంపించా. మార్కులు వేశారు. ఆ పిల్ల అన్నం మానేసిన రెండు రోజులు మాత్రం ఎవరు తిరిగిస్తారు?

వెర్షన్ హిస్టరీ కూడా ఒంటి చేత్తో తీర్పు చెప్పదని గుర్తుంచుకోండి. చాలామంది పిల్లలు ముందు నోట్‌బుక్కులోనో, వాట్సాప్‌లో తమకు తామే మెసేజ్ పెట్టుకునో రాసుకుంటారు, తర్వాత ఒకేసారి పేస్ట్ చేస్తారు. హిస్టరీలో అంతా ఒక్క క్షణంలో ఊడిపడినట్టు కనిపిస్తుంది. అనుమానం ఉంటే కూర్చోబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడండి. "ఇక్కడ మీన్ బదులు మీడియన్ ఎందుకు తీసుకున్నావు?" అని ఒక్క ప్రశ్న చాలు. రాసినవాళ్ళు తడబడుతూనైనా చెప్తారు. రాయనివాళ్ళు ఫ్యాన్ వైపు చూస్తారు.

ఇంకో విడ్డూరం, పిల్లల వ్యాసాన్ని చాట్‌జీపీటీకే ఇచ్చి "ఇది నువ్వే రాశావా?" అని అడగడం. 2023 మేలో టెక్సస్‌లో ఒక అధ్యాపకుడు ఇదే చేసి, క్లాసు డిగ్రీలనే ఇబ్బందిలో పెట్టి వార్తల్లోకెక్కాడు. ఎవరికి ఏం రాసిచ్చిందో దానికి తెలియదు. అడిగినదానికి అవునంటుంది, గట్టిగా అడిగితే కాదంటుంది.

పిల్లలకూ ఒక మాట. "ఏఐ శాతం తగ్గిస్తాం" అని జిరాక్స్ సెంటర్లలో, టెలిగ్రామ్‌లో డబ్బులు గుంజే వాళ్ళ దగ్గరికి పోవద్దు. సొంతంగా రాసిన దాన్ని కూడా భయపడి వాళ్ళ చేతిలో పెడుతున్నారు. పర్యాయపదాలు ఇరికించి వాక్యం నడుం విరగ్గొట్టి ఇస్తారు. అప్పుడు నిజంగానే అనుమానం వస్తుంది.

అపోహ: సిమిలారిటీ (వేరేచోట ఉన్న రాతతో పోలిక) 10 శాతం దాటితే దొంగతనమే.

ఎస్కేయూ, జేఎన్‌టీయూఏ యూనివర్సిటీల రీసెర్చ్ స్కాలర్లు కనపడితే ముందు అడిగేది ఇదే. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం లోపు పోలికకు శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే సరిదిద్ది మళ్ళీ ఇమ్మంటారు. ఆపైన తీవ్రత పెరుగుతుంది, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అయితే రెఫరెన్సులు, ఆధారం చూపిన ఉల్లేఖనలు, ప్రామాణిక సూత్రాలు ఆ లెక్కలోంచి తీసేయాలని అవే నిబంధనలు చెప్తున్నాయి. అవి తీయకుండా వచ్చిన అంకె చూసి హడలిపోకండి. ఇది పోలిక శాతం, ఏఐ శాతం వేరు. రెండిటినీ కలిపి కంగాళీ చేయొద్దు.

తెలుగు ప్రాజెక్టులకు అసలు చిక్కు ఇంకోటుంది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన ఫైల్ మన కంటికి తెలుగే, సాఫ్ట్‌వేర్ కంటికి అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు. పుస్తకం మొత్తం దించినా పోలిక సున్నా రావచ్చు. యూనికోడ్‌లో ఇమ్మని ముందే చెప్పండి.

అపోహ: గూగుల్ ఫారమ్‌లో పరీక్ష రాస్తుంటే కెమెరా మనల్ని చూస్తుంది.

చూడదు. ఫారమ్‌కు ఆ సౌకర్యమే లేదు. వేరే ట్యాబ్‌కు వెళ్ళినా మాకు తెలియదు. పరీక్ష అయ్యేదాకా వేరే ట్యాబ్ తెరవనీయని లాక్డ్ మోడ్ అనేది ఉంది కానీ సంస్థ నిర్వహించే క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లలోనే పనిచేస్తుంది. మన పిల్లల చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లు.

అపోహ: ప్రశ్నలు షఫుల్ చేస్తే కాపీ ఆగిపోతుంది.

వాట్సాప్ గ్రూపులో పంపేది ప్రశ్న నంబరు కాదు కదా, ప్రశ్నే పంపుతారు. మూడుల్‌లో క్యాలిక్యులేటెడ్ ప్రశ్న పెట్టండి. ప్రశ్న ఒకటే, ఒక్కొక్కరికి అంకెలు వేరు. ఒకరి జవాబు ఇంకొకరికి పనికిరాదు. పద్ధతి మాత్రం ఒకరికొకరు చెప్పుకుంటారు. చెప్పుకోనీండి, నాకు కావలసింది అదే.

అంతకన్నా మేలు, డేటా వాళ్ళనే తెమ్మనడం. కక్కలపల్లి టమోటా మండీలో వారం రోజుల ధరలు తెచ్చి సగటు, విచలనం కట్టమంటాను. ఒకడు పోకుండానే ఏఐని అడిగి అంకెలు తెచ్చాడు, అన్నీ కిలో ధరలు. మండీలో పాట పాడేది బాక్సు లెక్కన. "బాక్సుకు ఎన్ని కిలోలు రా?" అంటే నేల చూపులు. మర్నాడు తెల్లారకముందే వాళ్ళ మామతో కలిసి మండీకి పోయి, బురద అంటిన చీటీ మీద ధరలు రాసుకొచ్చాడు. వాటితో కట్టిన విచలనం తప్పు. ఆ తప్పు వాడిదే, దిద్ది మార్కులు వేశాను.