డప్పు కాచుకుంటూ: ఉద్యమ పాటపై అపోహలు, వాస్తవాలు

ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో పాడి దిగగానే ఎవరో ఒకరు చాయ్ తాగించి మరీ అనే మాటలివి. ఇరవై ఏళ్లుగా వింటున్నా.

అపోహ: గొంతుంటే చాలు, నినాదానికి రాగం తీస్తే పాటైపోతుంది.

వాస్తవం: నా గొంతుతో పని తక్కువ, కోరస్‌తోనే ఎక్కువ. పల్లవి ఒకసారి విన్న మనిషి రెండోసారికి అందుకోవాలి. ఒకసారి రోడ్లు ఊడ్చేవాళ్ల జీతాల ధర్నాకు పాట కట్టుకుపోయాను. గౌరవంగా ఉంటుందని పల్లవిలో ‘పారిశుద్ధ్య కార్మికులం’ అని పెట్టాను. ఆ మాట దరువులో ఇమడలేదు, ఒక్కరూ అందుకోలేదు. ముందు వరసలోని పెద్దామె, ‘ఊడ్సెటోళ్లం అను బిడ్డా’ అంది. ‘బాగుండదేమోనమ్మా’ అని నసిగాను. ‘ఊడ్సుడు తప్పా? జీతమియ్యకపోవుడు తప్పు’ అంది. మొదటి మాట పల్లవిలోకి, రెండోది చరణంలోకి వెళ్లాయి. మధ్యలో మైకు ఎప్పుడు ఆగిపోయిందో మేం చూసుకోలేదు.

అపోహ: ‘బండెనక బండి కట్టి’ గద్దర్ రాసిన పాట.

వాస్తవం: కాదు. నిజాం మీద సాయుధ పోరాటం నాడు బండి యాదగిరి కట్టిన పాట. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడేసరికి జనం ఆయన పేరనే రాసేశారు. గద్దర్‌కు సొంత పాటలు తక్కువా? పాత పాట ఎత్తుకునే ముందు కట్టినవాళ్ల పేరు చెప్పడం మా బృందంలో నియమం.

అపోహ: బాణీ కొత్తగా ఉండాలి.

వాస్తవం: నాట్ల పాట, ఉయ్యాల పాట, ఒగ్గు కథ... జనం చెవిలో ముందే ఉన్నదే త్వరగా నోటికొస్తుంది. సినిమా ట్యూన్ మాత్రం నాకు పడదు, పాట వింటుంటే హీరో గుర్తొస్తాడు.

అపోహ: పాడితే కేసే.

వాస్తవం: ఒక ఎంపీ పోస్టు చేసిన వీడియోలోని కవితపై గుజరాత్‌లో పెట్టిన ఎఫ్ఐఆర్‌ను 2025 మార్చి 28న సుప్రీంకోర్టు కొట్టేసింది. జాగ్రత్త పడాల్సింది మైకు విషయంలో. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ బంద్. పగలైనా అనుమతి కాగితం జేబులో ఉండాలి.

అపోహ: డప్పుదేముంది, తీసి కొట్టడమే.

వాస్తవం: ముసురు పట్టిన రోజు కొట్టి చూడండి. తోలు సడలి అట్టపెట్టె మీద కొట్టినట్టుంటుంది. పాత పేపర్లు మంటేసి, తిప్పుతూ కాచాలి. వేలితో మీటితే ఖంగుమనాలి. మొన్న ఫుట్‌పాత్ మీద కాస్తుంటే కానిస్టేబుల్ వచ్చాడు, మంట ఆర్పమని చెప్పడానికే. కాసేపు తనూ చేతులు కాచుకుని, ‘ఇంకెంతసేపన్నా?’ అని అడిగి పోయాడు.