చుట్టకుదురులో ద్రాక్ష

గ్రీసు దేశపు దీవి శాంటోరినీలోని ద్రాక్షతోట ఫోటో మొదటిసారి చూసినప్పుడు అది తోట అని నాకు తట్టలేదు. పందిరి లేదు, కర్రలు లేవు, తీగలు పాకించే వైర్లు లేవు. బూడిదరంగు నేల మీద ఎవరో గంపలు పెట్టి మరిచిపోయినట్టు ఉంది. ఫోటో పెద్దది చేసి చూస్తే ఆ గంపే ద్రాక్షతీగ. బిందె కింద పెట్టే చుట్టకుదురులా తీగను గుండ్రంగా తిప్పి, ఏటా కొత్త కొమ్మను పాతదాని మీద అల్లుకుంటూ పోతారు. గ్రీకులో దీన్ని కులూరా అంటారు. గుత్తులు ఆ కుదురు లోపల, నేలకు అంటీ అంటనట్టు కాస్తాయి.

హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు ఎరిగినవాళ్ళకు ఇది తలకిందుల వ్యవహారం. మనవాళ్ళు తీగను తలకంటే ఎత్తున పందిరికి ఎక్కిస్తారు. శాంటోరినీలో ఆ పని చేస్తే గాలి ఊరుకోదు. ఏజియన్ సముద్రం మీద వేసవిలో ఉత్తరం నుంచి వీచే ఆ గాలి పేరు మెల్టెమీ. అది లేపే ఇసుక లేతాకుల్ని ఉప్పుకాగితంతో రుద్దినట్టు గీరేస్తుంది. అందుకే తీగను నేలకు కరిపించి, గుత్తుల చుట్టూ కొమ్మలతోనే దడి కట్టారు.

ఆ ఇసుక కథ క్రీ.పూ. 1600 ప్రాంతంలో మొదలైంది. అగ్నిపర్వతం పేలి దీవి నడిమధ్య కూలిపోయింది, ఆ గోతిలోకి సముద్రం వచ్చింది. మిగిలిన అంచే నేటి నెలవంక ఆకారపు దీవి. బూడిద కింద పూడిపోయిన అక్రోతిరి పట్టణాన్ని 1967 నుంచి తవ్వి తీస్తున్నారు. బూడిద, ప్యూమిస్ అనే చిల్లుల రాయి, లావా ముక్కలు కలిసిన ఈ నేలను స్థానికులు ఆస్పా అంటారు. అందులో బంకమన్ను దాదాపు లేదు. ఇక్కడ పండే అసిర్టికో ద్రాక్ష గురించి, దాని వైట్ వైన్ గురించి చదివేకొద్దీ నాకు అనిపించింది ఇదే: నేలలో ఏముందో కన్నా ఏం లేదో చూస్తే అసలు విషయం తెలుస్తుంది.

బంకమన్ను లేకపోవడం ఎంత మేలు చేసిందో చూడండి. 1860ల్లో ఫిలోక్సెరా అనే పురుగు అమెరికా నుంచి ఫ్రాన్సు చేరింది. పేనుబంకకు చుట్టం లాంటిది, వేళ్ళకు పట్టి తీగను చంపుతుంది. యూరప్ తోటల్లో చాలా భాగం దాని వాత పడ్డాయి. చివరికి దాన్ని తట్టుకునే అమెరికన్ వేళ్ళ మీద తమ తీగలను అంటు కట్టుకుని రైతులు బయటపడ్డారు. నేటికీ అక్కడ ఎక్కువ తోటలది అరువు వేరే. శాంటోరినీ వదులు బూడిదలో మాత్రం ఆ పురుగు బతకలేకపోయింది. అక్కడివాళ్ళు అంటు కట్టరు, అంటు తొక్కుతారు. పక్క తీగ కొమ్మను వంచి మట్టిలో పూడిస్తే, అదే వేరు పోసుకుని కొత్త మొక్క అవుతుంది.

నీళ్ళూ అంతంతమాత్రమే. ఏడాదికి 350 మి.మీ. అటూ ఇటూగా వాన, అదీ దాదాపు అంతా చలికాలంలోనే. కరువుకు పేరుపడ్డ మన అనంతపురంలోనే సగటు వర్షపాతం 550 మి.మీ. దాకా ఉంటుంది. మరి ఎండాకాలం తీగ ఎలా బతుకుతుంది? మడమలు రుద్దుకునే ప్యూమిస్ రాయిని ఓసారి చేతిలోకి తీసుకోండి. ఒళ్ళంతా చిల్లులే, నీళ్ళలో వేస్తే తేలుతుంది. ఆ చిల్లులు చలికాలపు వాననూ, రాత్రిపూట సముద్రం మీంచి వచ్చే మంచు తేమనూ పట్టి ఉంచుకుని మెల్లగా వేళ్ళకు వదులుతాయి. ఒక్కో తీగకు చాలా మేర నేల కావాలి కాబట్టి కుదుళ్ళను దూరం దూరంగా పెడతారు. దిగుబడి కొంచెమే.

మూడో లోటు పొటాషియం. మన చింతపండులో పులుపు టార్టారిక్ ఆమ్లానిది, ద్రాక్షలోనూ ముఖ్యంగా అదే. నేలలో పొటాషియం దండిగా ఉంటే పండులోకి చేరి ఆ ఆమ్లంతో కలిసి లవణంగా మారుతుంది, పులుపు తగ్గుతుంది. ఇక్కడ ఆ బెడద తక్కువ. అసిర్టికోకు వేడిలోనూ పులుపు నిలుపుకునే గుణం పుట్టుకతోనే ఉంది. రెండూ కలిసి, మండే ఎండల్లో పండి 13, 14 శాతం ఆల్కహాల్ ఉన్నా నాలుక జివ్వుమనిపించే వైన్ తయారవుతుంది.

ఈ వైన్‌లో అగ్నిపర్వతం రుచి, రాతి రుచి ఉందని చెప్పేవాళ్ళు చాలామంది. చెప్పడానికి బాగానే ఉంటుంది కానీ, వేరు రాయిని తాగదు. నీళ్ళలో కరిగిన ఖనిజాలను రవ్వంత తీసుకుంటుంది, సీసాలో మిగిలే ఆ రవ్వంత మన నాలుకకు అందదు. పళ్ళ వాసన తక్కువ, పులుపు ఎక్కువ కావడంతో మనకు రాయి గుర్తొస్తుందేమో అని నా అనుమానం.

టూరిస్టులు పెరిగేకొద్దీ తోటల నేల మీద హోటళ్ళు, విల్లాలు లేస్తున్నాయి. కుదురు అల్లే పనికి యంత్రం పనికిరాదు, నడుం వంచి చేతులతో అల్లాల్సిందే. డెబ్బై ఎనభై ఏళ్ళకు కాపు తగ్గితే గంప మొత్తాన్ని నేలమట్టానికి నరికేస్తారు. పాత వేరు నుంచే కొత్త చిగురు వస్తుంది, దాన్ని మళ్ళీ చుట్టడం మొదలుపెడతారు. కొన్ని వేళ్ళు వందల ఏళ్ళవని చెబుతారు. సరిగ్గా ఎన్నేళ్ళో లెక్కపెట్టడం కష్టం. వలయాలు చూద్దామంటే మొదటి మొద్దును ఎప్పుడో నరికేశారు.