‘ఇంకొక్క ముద్ద’ వెనక నూరేళ్ల కథ

ఆస్పత్రి గదిలో ఒక చిన్న బల్ల. దాని ముందు ఏడాది కూడా నిండని పాప. ట్రేలో రకరకాల గిన్నెలు, ఒక్కో గిన్నెలో ఒక్కో పదార్థం. పక్కనే చెంచా పట్టుకుని నర్సు. పాప ఏదైనా గిన్నె వైపు చేయి చాపితేనో, వేలు చూపితేనో నర్సు అందులోంచి ఒక చెంచా తీయాలి. పాప నోరు తెరిస్తే పెట్టాలి, తెరవకపోతే ఊరుకోవాలి. ఇది తిను అనకూడదు. తిన్నందుకు మెచ్చుకోకూడదు, తిననందుకు మొహం చిట్లించకూడదు. చేతులు ముంచినా, ఒళ్లంతా పూసుకున్నా ఏమీ అనకూడదు. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకు పాప తినడం మానేశాక ట్రే తీసేయాలి. అంతే.

ఈ రూల్స్ పెట్టింది క్లారా డేవిస్ అనే పిల్లల డాక్టరు. 1920ల చివర్లో అమెరికాలో, అప్పుడే పాలు మాన్పించిన పిల్లలతో ఆమె ఈ ప్రయోగం మొదలుపెట్టారు. చెంచా కదపకుండా కూర్చోవడం కూడా ఒక ప్రయోగమేనా అనిపించొచ్చు. మొండికేసిన పిల్లాడి ముందు గిన్నెతో కూర్చున్న అనుభవం ఉన్నవాళ్లు మాత్రం అలా అనరు.

పైగా అది గడియారం రాజ్యమేలుతున్న కాలం. 1865లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ తల్లిపాలకు బదులు వాడే మిశ్రమాన్ని ప్రకటించారు. రెండేళ్లకే స్విట్జర్లాండ్‌లో హెన్రీ నెస్లే పాలపిండి వచ్చింది. పోతపాలు వచ్చాక కొలతలూ వచ్చాయి, కొలతలతో పాటు డాక్టరూ ఇంట్లోకి వచ్చాడు. 1894లో న్యూయార్క్ డాక్టరు ఎమ్మెట్ హోల్ట్ తల్లుల కోసం, ఆయాల కోసం ప్రశ్నలూ జవాబులూగా ఒక పుస్తకం రాశారు. ఏ నెలలో ఎన్నిసార్లు, ఎన్ని గంటలకు, ఎంత పట్టాలో అన్నీ అందులో ఉన్నాయి. బిడ్డ ఆకలికి మాత్రం అందులో పెద్దగా చోటు లేదు. 1912లో కాసిమిర్ ఫంక్ ‘విటమిన్’ అనే మాట పుట్టించాక టెన్షన్ ఇంకా పెరిగింది. అప్పటిదాకా బిడ్డ కడుపు నిండిందా లేదా అని మాత్రమే చూసుకున్న తల్లి నెత్తిన, కంటికి కనిపించని వాటి లెక్క కూడా పడింది. పట్టికలో ఉన్నది పిల్లలు తినరు, తినేదాకా పెద్దలు వదలరు. డేవిస్ తేల్చుకోవాలనుకున్నది ఈ పేచీనే.

మొత్తం 15 మంది పిల్లలు. ఎక్కువ కాలం ఉన్నవాళ్లను నాలుగున్నరేళ్ల పాటు గమనించారు. అందరూ పెంచుకునే స్తోమత లేని తల్లుల బిడ్డలే. ఇవాళైతే ఇలాంటి ప్రయోగానికి ఏ నైతిక కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. పిల్లలు తిన్న తీరు చూస్తే డాక్టర్లకు తల తిరిగేది: ఒకరు పొద్దున్నే నారింజ రసం, కాలేయం తింటే, ఇంకొకరు రాత్రికి నాలుగైదు గుడ్లు, అరటిపళ్లు, పాలు లాగించేవారు. ఏ ఇద్దరి తిండీ ఒకలా లేదు. అయినా అందరూ ఏపుగా పెరిగారు. ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బుతో వచ్చిన ఒక పిల్లాడి ట్రేలో కాడ్ లివర్ ఆయిల్ గ్లాసు కూడా పెట్టారు. పెద్దవాళ్లే ముక్కు మూసుకునే ఆ నూనెను వాడు ఎముకలు బాగుపడేదాకా తనంతట తానే తాగి, ఆ తర్వాత ముట్టలేదు.

ఇది విన్నవాళ్లు చాలామంది ‘చూశారా, పిల్లలకు ఏం కావాలో పిల్లలకే తెలుసు’ అనుకుని వెళ్లిపోయారు. 1939లో మాంట్రియల్ డాక్టర్ల సభలో డేవిస్ చెప్పింది అది కాదు. ఇందులో ఒక కిటుకు ఉంది, అది పదార్థాల జాబితాలోనే ఉంది అన్నారు ఆమె. ఆ జాబితాలోని 34 పదార్థాల్లో చక్కెర లేదు, మిల్లులో పాలిష్ పట్టిన ధాన్యం లేదు, డబ్బా సరుకు లేదు. ఏది ఎంచుకున్నా పిల్లాడు పెద్దగా తప్పటడుగు వేసే వీల్లేదు. ఎంపిక పిల్లలదే, బల్ల మీదికి ఏం రావాలన్నది మాత్రం పెద్దల నిర్ణయం. చక్కెర, పాలిష్ ధాన్యాలు కూడా పెట్టి రెండో ప్రయోగం చేయాలని ఆమెకు ఉండేది. ఆర్థిక మాంద్యం వచ్చింది, డబ్బు దొరకలేదు. రెండో ట్రే పెట్టనే లేదు.

ప్రభుత్వాలు పిల్లల పళ్లెం వైపు చూడటం వెనక కథ వేరు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి సైనికులను ఎంపిక చేస్తుంటే బక్కచిక్కిన యువకులు వరసకట్టడం చూసి బ్రిటన్ కంగారుపడింది. 1906లో బడుల్లో భోజనం పెట్టేందుకు స్థానిక సంస్థలకు వీలు కల్పిస్తూ చట్టం తెచ్చింది. అమెరికా 1946లో తెచ్చిన బడి భోజనాల చట్టమైతే మొదట్లోనే ‘జాతీయ భద్రత’ అని రాసుకుంది. ఈ మధ్యలో, 1917లో, యుద్ధానికి తిండి ఆదా చేయాలని అక్కడి ప్రభుత్వం ప్లేటులో మెతుకు మిగల్చొద్దని బడిపిల్లల దాకా ప్రచారం చేసింది. ప్లేటు ఖాళీ చేయడం దేశభక్తి అయింది. కరువు పోయినా ఆ మాట చాలా ఇళ్లలో ఉండిపోయింది.

1939లోనే సింగపూర్‌లో సిసిలీ విలియమ్స్ అనే డాక్టరు ఇంకో ప్రసంగం చేశారు. క్వాషియార్కర్ అనే పోషకాహార లోపాన్ని వైద్య ప్రపంచానికి పరిచయం చేసింది ఈవిడే. పసిపిల్లలకు తగని డబ్బాపాలను అంటగట్టడం హత్యతో సమానమని ఆమె మొహమాటం లేకుండా అన్నారు. ఆ మాట డబ్బాపాల అమ్మకాలపై అంతర్జాతీయ నియమావళిగా మారడానికి 42 ఏళ్లు పట్టింది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభలో 118 దేశాలు దానికి ఓటేశాయి, ఒక్క అమెరికా వ్యతిరేకించింది.

మళ్లీ ఇంట్లోకి వద్దాం. 1980ల్లో లియాన్ బర్చ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ‘ఇది తింటే అది ఇస్తా’ అనే బేరం పిల్లల మనసులో ఏం చేస్తుందో పరీక్షించారు. బహుమతి ఆశ చూపి తాగించిన పానీయం మీద పిల్లలకు ఇష్టం పెరగలేదు సరికదా, తగ్గింది. లంచం ఇస్తున్నారంటే ఇందులో ఏదో తిరకాసు ఉందని పిల్లలు గ్రహించేస్తారు కాబోలు. 1987లో ఆమె బృందం ప్లేటు ఖాళీ చేయమనే మాటనూ పరీక్షకు పెట్టింది. కడుపు సంగతి చూసుకోమన్న పిల్లలు, ముందుగా బలమైన పదార్థం తిని ఉంటే తర్వాత తక్కువ తిన్నారు. ప్లేటులో ఎంత మిగిలిందో చూడమన్న పిల్లల్లో ఆ సర్దుబాటు కనిపించలేదు. కొత్త రుచి అలవాటు కావడానికి ఒకటి రెండు సార్లు చాలదని, ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేను సార్లు పెట్టాల్సి వస్తుందని కూడా ఈ పరిశోధనలే చెప్పాయి. మనమేమో మూడోసారికే ‘మావాడికి ఇది పడదు’ అని తేల్చేస్తాం.

దాదాపు అదే కాలంలో ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు పని పంచారు: ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల వంతు, తినాలా వద్దా, తింటే ఎంత అన్నది పిల్లల వంతు. డేవిస్ ట్రేకి ఇంటి రూపం ఇది.

ఈ రంగంలో అడ్డదారులకూ కొదవ లేదు. ఆపిల్ మీద కార్టూన్ స్టిక్కర్ అంటిస్తే ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లలు దాన్నే ఎంచుకుంటున్నారని ఒక అధ్యయనం బాగా ప్రచారమైంది. తీరా చూస్తే అందులోని పిల్లలు మూడు నుంచి అయిదేళ్ల వాళ్లు. 2017లో దాన్ని వెనక్కి తీసుకున్నారు.

స్టిక్కర్ కిటుకు కంపెనీలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. డేవిస్ పెట్టలేకపోయిన రెండో ట్రేని టీవీ ప్రకటనలు, దుకాణాల అరలు ప్రపంచమంతా పరిచేశాయి. ఈసారి పక్కన కూర్చున్నవాళ్లు చెంచా పట్టుకుని ఊరుకునే రకం కాదు. యూనిసెఫ్ 2025 లెక్కల్లో, అయిదు నుంచి పంతొమ్మిదేళ్ల వయసులో ఊబకాయం ఉన్నవాళ్లు 9.4 శాతం, తక్కువ బరువు ఉన్నవాళ్లు 9.2 శాతం. మొదటిది రెండోదాన్ని దాటడం ఇదే తొలిసారి. ఇంత జరిగినా నింద మాత్రం తిరిగి తిరిగి తల్లి దగ్గరికే వస్తుంది.

ట్రే మీద ఏముందో చూసిన ప్రభుత్వాలు కొన్ని ఉన్నాయి. కెనడాలోని క్విబెక్ 1980లోనే పదమూడేళ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలను నిషేధించింది. ఒక బొమ్మల కంపెనీ కోర్టుకెక్కితే, 1989లో సుప్రీంకోర్టు చట్టం పక్షానే నిలిచింది. 2016లో చిలీ చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల మీద నల్లటి అష్టభుజి ముద్రలు వేయించింది. వాటి మీద నవ్వుతూ చేయి ఊపే కార్టూన్ జంతువులను తీసేయించింది.