సముద్రం వేడెక్కితే సబ్‌మెరైన్‌కు లాభమా, నష్టమా?

నీటిలో ధ్వని వేగం సెకనుకు 1500 మీటర్లు అని చెప్పేసి పాఠ్యపుస్తకాలు చేతులు దులుపుకుంటాయి. సోనార్ (ధ్వనితో నీటి అడుగున ఉన్నవాటిని పసిగట్టే పరికరం) ముందు కూర్చున్నవాడికి ఆ అంకెతో ఒరిగేదేమీ లేదు. అది లోతును బట్టి ఎలా మారుతోందన్నదే అతనికి కావాలి. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే వేగం పెరుగుతుంది: వెచ్చని సముద్రంలో సుమారు 2.5 మీటర్లు, గడ్డకట్టే చలిలో సుమారు 4.5. వంద మీటర్ల లోతుకు వెళితే ఒత్తిడి వల్ల మరో 1.7 మీటర్లు. ఉప్పదనం పాత్ర కూడా ఉంది గానీ, ఇక్కడ దాన్ని వదిలేద్దాం.

బండి ఎడమ చక్రం బురదలో పడితే బండి ఎడమకే తిరుగుతుంది కదా. ధ్వనీ అంతే, వేగం తక్కువున్న వైపుకే ఒంగుతుంది. 1930లలో క్యూబాలోని గ్వాంటనామో దగ్గర అమెరికా నౌకాదళం ఈ దెబ్బ తిన్నది. పొద్దున చక్కగా పనిచేసిన సోనార్‌కు మధ్యాహ్నం దాటితే ఏమీ వినపడేది కాదు. భోజనం చేసి ఆపరేటర్లు కునుకు తీస్తున్నారేమో అనుకున్నారు! తీరా చూస్తే తప్పు ఎండది. పై 10 మీటర్ల పొరలో, ఆ పొర అడుగు కంటే ఉపరితలం ఒక్క డిగ్రీ వేడెక్కిందనుకోండి. అడ్డంగా బయల్దేరిన ధ్వని కిరణం 350 మీటర్లు పోయేసరికి 10 మీటర్లు కిందికి దిగిపోతుంది, 2 కిలోమీటర్ల దగ్గరకొచ్చేసరికి దాదాపు వంద మీటర్ల లోతుకు చేరుతుంది. ఆ దూరంలో, దానికి బాగా పైనున్న సబ్‌మెరైన్ ధ్వని చేరని చోట, అంటే ధ్వని నీడలో, హాయిగా ఉంటుంది.

ఆర్కిటిక్‌లో బండి తిరగబడుతుంది. అక్కడ అతి చల్లని నీరు పైనే, మంచుకు ఆనుకుని ఉంటుంది, అంటే బురద పైవైపు. ధ్వని పైకి ఒంగి, మంచు గరుకు అడుగుకు తగిలి చెదురుతుంది. దూరం పోయేవి బాగా తక్కువ ఫ్రీక్వెన్సీలే. అందుకే 1994 ఏప్రిల్‌లో అమెరికా, రష్యా, కెనడా కలిసి చేసిన ప్రయోగంలో 19.6 హెర్ట్జ్ వాడారు. నార్వే దీవులైన స్వాల్బార్డ్‌కు ఉత్తరాన పంపిన సంకేతం సుమారు 2600 కిలోమీటర్లు దాటి అలాస్కాకు ఉత్తరానున్న బ్యూఫోర్ట్ సముద్రానికి చేరింది. పాత కొలతల లెక్కకు ప్రయాణం అరగంట. అది దాదాపు 2 సెకన్లు ముందే వచ్చేసింది! కొన్ని వందల మీటర్ల లోతున, అట్లాంటిక్ నుంచి వచ్చి చేరిన నీటి పొర సుమారు 0.4 డిగ్రీలు వేడెక్కినట్టు అలా తేలింది. నిన్నటిదాకా ఒకరి సబ్‌మెరైన్‌లను మరొకరు వెంటాడిన దేశాలు, అదే విద్యతో కలిసి సముద్రానికి జ్వరం చూశాయన్నమాట.

బ్యూఫోర్ట్‌లో ఇంకో వింత. బేరింగ్ జలసంధి గుండా వచ్చే వెచ్చని పసిఫిక్ నీరు 50-80 మీటర్ల లోతున పొరగా పరుచుకుంటుంది. దాని కింద చల్లని పొర, ఆ కింద మళ్లీ వెచ్చని అట్లాంటిక్ నీరు. రెండు వెచ్చని పొరల మధ్య బురద గాడి ఏర్పడింది. అందులో పడిన ధ్వని మంచును తాకకుండా దూరాలు పోతుంది. గాడిలో ఉన్న సబ్‌మెరైన్ చప్పుడు గాడిలోనే దించిన హైడ్రోఫోన్‌కు (నీటిలో వినే మైకుకు) చాలా దూరం నుంచి వినపడుతుంది. పై పొరలో పెట్టిన హైడ్రోఫోన్‌కు మాత్రం అంతగా అందదు. కాబట్టి శీర్షికలోని ప్రశ్నకు జవాబు సబ్‌మెరైన్ ఏ లోతున ఉందన్న దాన్ని బట్టే.

అందుకే ఉష్ణోగ్రత కొలతలు ఆయుధాలంత విలువైనవి. నీటిలో పడుతూ ఉష్ణోగ్రత కొలిచేందుకు ఓడ నుంచి వదిలే పరికరం ఎక్స్‌బీటీ. అందులో ఒక థర్మిస్టర్ (వేడిని పసిగట్టే భాగం), సన్నని రాగి తీగ ఉంటాయి. లోతును అది కొలవదు. పడుతున్న సమయాన్ని బట్టి లెక్కకడతారు. పాత సూత్రం లోతును తక్కువ చూపుతోందని 1995లో సవరించారు, తేడా సుమారు 3 శాతం. అంటే 200 మీటర్ల దగ్గరున్న పొర 193 దగ్గర ఉన్నట్టు కనిపించేదన్నమాట. తీగ పైపూత దెబ్బతిన్నా రీడింగు తప్పుతుంది.

సముద్రంలో మునిగి తేలుతూ కొలతలు తీసే ఆర్గో పరికరాలు పది రోజులకోసారి పైకొచ్చి ఉపగ్రహానికి సమాచారం పంపుతాయి. మంచు కింద ఆ దారి మూసుకుపోతుంది. అక్కడ ఓడలు, మంచు శిబిరాలు, మంచులో బిగించిన బోయ్‌లు (కొలత పరికరాలు మోసే తేలుడు డబ్బాలు) మాత్రమే దిక్కు. వాటికి పొరుగుదేశం ఒప్పుకోవాలి. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధం వల్ల, ఎనిమిది ఆర్కిటిక్ దేశాల వేదిక అయిన ఆర్కిటిక్ కౌన్సిల్‌లో ఏడు దేశాలు రష్యాతో పని ఆపేశాయి. 2024లో స్వీడన్ చేరికతో ఆ ఏడూ నాటోలో ఉన్నాయి. ఆర్కిటిక్ తీరంలో దాదాపు సగం మాత్రం ఎనిమిదో దేశానిది.